పాత వీడియో గేమూ, మా అమ్మ గిన్నె మూతా

"ఈ వయసులో నీకు వీడియో గేములేంట్రా?" అని అడిగేవాళ్ళ కోసం నా దగ్గర ఒక సమాధానం ఎప్పుడూ రెడీగా ఉంటుంది: "ఆడుకోవడానికి కాదు, బాగు చేసుకోవడానికి." అడిగినవాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యకుండా జాలిగా చూసి వెళ్ళిపోతారు. హైదరాబాదులో మా ఫ్లాట్‌లో ఒక బీరువా అర మొత్తం ఈ పాత డబ్బాలదే. మొత్తం పదకొండు. పనిచేసేవి నాలుగు. మిగతావాటికి మా ఆవిడ పెట్టిన పేరు ఐసీయూ. వారమంతా ఆఫీసులో ఎవరో రాసి వదిలేసిన కోడ్‌లో తప్పులు వెతికి, శని ఆదివారాలు ఎవరో వాడి వదిలేసిన సర్క్యూట్‌లో తప్పులు వెతకడం... ఆలోచిస్తే నాకే నవ్వొస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఆ పదకొండులో ఒకదాని కథ. ఇందులో తప్పు సర్క్యూట్‌ది కాదు, నాది.

తొంభైలలో పుట్టిపెరిగినవాళ్ళకి 'టీవీ గేమ్' అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జులైలో ఫ్యామికామ్ అని ఒక కన్సోల్ తెచ్చింది. దానికి తైవాన్‌లోనూ చైనాలోనూ లెక్కలేనన్ని నకళ్ళు పుట్టాయి. అరవై పిన్నుల క్యాసెట్, రెండు కంట్రోలర్లు, ఒక తుపాకీ. మన ఊళ్ళకి ఎక్కువగా వచ్చినవి ఈ నకళ్ళూ, వాటి మీద ఇక్కడివాళ్ళు వేసుకున్న పేర్లూ. సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లు కొందరికైనా గుర్తుండే ఉంటాయి. ఏ పేరూ లేనివి ఇంకా ఎక్కువ. మాది ఆ చివరి రకం. అట్ట పెట్టె మీద 9999999 గేములని ఉండేది. తిప్పి తిప్పి చూస్తే ఒక ఇరవై, అందులోనూ సగం కాంట్రానే!

మాది ఖిలా వరంగల్. కోట చూడ్డానికి వచ్చేవాళ్ళు తోరణాల దగ్గర ఫోటోలు దిగి, ఖుష్ మహల్ చూసుకుని వెళ్ళిపోతారు గానీ, ఆ రాతి గోడల లోపల ఒక ఊరు కూడా ఉంది. మా ఇల్లు అందులోనే. 1996 దసరాకి బాపు హైదరాబాదు వెళ్ళి కోఠిలో ఆ గేమ్ కొనుక్కొచ్చాడు. ఇంట్లో ఉన్న ఈసీ టీవీకి వెనక యాంటెనా రంధ్రం తప్ప ఇంకేమీ లేదు. చానెల్ నాబ్ తిప్పుతూ తిప్పుతూ ఉంటే చీమల్లోంచి మారియో బయటకొచ్చిన ఆ క్షణం నాకింకా గుర్తే. సాయంత్రానికి వాడకట్టు పిల్లలంతా మా ఇంట్లోనే. క్యాసెట్ రాకపోతే తీసి 'ఫూ' అని ఊదే డ్యూటీ నాది. (అలా ఊదితే నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ పాపం కూడా నా ఖాతాలోనే.)

చలికాలం అంతా బాగానే ఆడింది. ఎండాకాలం సెలవులొచ్చేసరికి జబ్బు మొదలైంది. అరగంట ఆడగానే బొమ్మ గడ్డకట్టేది. ఆపి, కాసేపు ఫ్యాను కింద పెడితే మళ్ళీ వచ్చేది. కాంట్రాలో సరిగ్గా జలపాతం స్టేజీకి చేరేసరికి ఆగిపోతే పిల్లలకి ఎంత కడుపుమంటగా ఉంటుందో ఊహించుకోండి. రెండు ఎండాకాలాలు అలా ఫ్యాను వైద్యంతో గడిచాయి. 1998 మేలో బాపు దాన్ని మా చిన్నబాపుకి ఇచ్చాడు. చిన్నబాపుకి శంభునిపేటలో చిన్న టీవీ రిపేర్ షాపు ఉండేది. రెండు రోజులు ఉంచుకుని తెచ్చిచ్చాడు. ఆ తర్వాత ఆ గేమ్ ఏ ఎండకీ ఆగలేదు. ఏం చేశాడో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. పిల్లలకి కావలసింది జలపాతం దాటడం, అంతే.

తర్వాత కథ అందరి ఇళ్ళలో లాంటిదే. ఇంటరూ, ఎంసెట్, కాలేజీ, హైదరాబాదు ఉద్యోగం. గేమ్ సజ్జ మీదకెక్కింది. సన్నటి టీవీలొచ్చాక రిపేర్లు తగ్గిపోయి చిన్నబాపు షాపు మూసేశాడు.

మొన్న 2025 మేలో ఇంటికెళ్ళినప్పుడు సజ్జ మీద నుంచి దాన్ని దించాను. తెల్లగా ఉండాల్సిన డబ్బా టీ మరకలాగా పచ్చబడింది. స్విచ్ వేస్తే బొమ్మ రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది! (ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి పాడైన డబ్బా దొరికితేనే పండగ.) వారం సెలవు ఉంది, సామాను సంచిలోనే ఉంది. కూర్చున్నాను.

లోపల బోర్డు మధ్యలో నల్లటి తారు బొట్టు లాంటిది ఒకటుంటుంది. మొత్తం కన్సోల్ ఆ బొట్టు కింద చిప్‌లో ఉంటుంది. అది పోతే ఎవడూ ఏమీ చెయ్యలేడు. అది పోలేదు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను, బొమ్మ వచ్చింది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. కరెంటు సరిచేసే 7805 రెగ్యులేటర్‌కి ఎవరో అడ్డదిడ్డంగా కోసిన అరచేయంత రేకు ముక్క బిగించి ఉంది. చూడ్డానికి అసహ్యంగా ఉందని రెండూ పీకేసి, కొత్తరకం స్విచింగ్ రెగ్యులేటర్ పెట్టాను. అది వేడెక్కదు, రేకుతో పనిలేదు. ఇప్పటి టీవీలకి తగిలించడానికి వెనక రెండు కన్నాలు పొడిచి ఏవీ సాకెట్లు పెట్టాను. చివరగా డబ్బాకి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి డాబా మీద ఎండలో పెట్టాను. ప్లాస్టిక్ అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాల వల్ల ఈ పచ్చదనం వస్తుందంటారు. పెరాక్సైడూ ఎండలోని అతినీల కిరణాలూ కలిస్తే అది పోతుంది. దీనికోసం పైదేశాల వాళ్ళు దీపాలు కొనుక్కుంటారు, మనకి వరంగల్ మే నెల ఎండ ఫ్రీ :) సాయంత్రానికి డబ్బా మల్లెపువ్వులా అయింది. మూత లోపలివైపు ఏదో పెన్ను రాత ఉన్నట్టు గుర్తు, అది కూడా శుభ్రంగా పోయింది. పాత కెపాసిటర్లు, రేకు ముక్క, వైర్లు అన్నీ కవర్లో వేసి చెత్తబండికి ఇచ్చేశాను.

మర్నాడు చిన్నబాపుని పిలిచి గొప్పగా చూపించాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. చెయ్యి కొంచెం వణుకుతుంది, చూపు మాత్రం పాత మెకానిక్ చూపే.

"మంచిగ చేశినవ్‌రా. కొత్తదాని లెక్కున్నది," అన్నాడు డబ్బా తిప్పి చూస్తూ. తర్వాత స్క్రూలు విప్పమన్నాడు. లోపలికి చూసి, "మూతేదిరా?" అన్నాడు.

"ఏ మూత?"

"గా రెగ్యులేటర్‌కు కొట్టిన గదరా, సత్తు మూత. మీ అమ్మ బువ్వగిన్నెది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "ఏందీ? నా మూత నువ్వు కొండవోయినవా? పాత సామాన్లోడు ఎత్కవోయిండని వాన్ని ఎన్ని తిట్లు తిట్టిన!" అంటూ అమ్మ బయటికొచ్చింది. ఇరవై ఏడేళ్ళ కేసు అలా తేలింది. చిన్నబాపు నవ్వి, "గప్పుడు హీట్‌సింక్ కొననీకి వైసలెక్కడియి వదినా," అన్నాడు.

అందరం నవ్వాం గానీ నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆ రాత్రి లెక్క వేశాను. తొమ్మిది వోల్టులు వచ్చి అయిదు బయటికెళ్తే, మిగిలిన నాలుగు వోల్టులూ వేడిగానే పోవాలి. డబ్బా దాదాపు 0.4 ఆంపియర్లు తాగుతుంది. అంటే 1.6 వాట్లు. ఏ రేకూ లేకుండా వదిలేస్తే 7805 ఒక్కో వాట్‌కి సుమారు 65 డిగ్రీలు పైకెక్కుతుంది, మొత్తం వందకి పైన. చలికాలం మన గది 25 డిగ్రీలుంటే కలిపి 130 లోపు, ఎలాగోలా నడుస్తుంది. మే నెలలో మూసిన డబ్బా లోపల 45 అనుకోండి, 150కి చేరుతుంది. దాదాపు అక్కడే ఆ చిప్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మా జలపాతం దగ్గర జరిగింది సరిగ్గా ఇదే! నకలు చేసినవాడు ఎవడో గానీ వరంగల్ ఎండ అతని లెక్కలో లేదు. ఆ లెక్క సరిచేసింది మా అమ్మ గిన్నె మూత. నేను దాన్ని అసహ్యంగా ఉందని పారేశాను.

కథ ఇంకా ఉంది. మర్నాడు చిన్నబాపు ఆడుతున్న బొమ్మని దగ్గర్నుంచి చూసి, "నీలం రంగుల గీ సన్న గీతలేందిరా?" అన్నాడు. నాకు కనబడలేదు. చూపించాక కనబడ్డాయి. మారియో ఆకాశంలో ఏటవాలుగా జారుతున్న సన్నటి గీతలు. నేను పెట్టిన స్విచింగ్ రెగ్యులేటర్ సెకనుకి లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతూ పనిచేస్తుంది, ఆ రొద వీడియోలో కలుస్తోంది. ఫిల్టర్లు పెట్టి తగ్గించొచ్చు. కానీ పాత 7805కి ఆ రోగమే లేదు. పాతదాని బలమేంటో తెలుసుకోకుండా కొత్తది పెట్టడం... ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఇలాంటి పని చేస్తే నేను గంటసేపు క్లాసు పీకుతాను.

ఈ పాత కన్సోళ్ళు పోగేసేవాళ్ళలో 'ఒరిజినల్' అన్న మాటకి చాలా విలువ. సీలు విప్పని పెట్టె, గీత పడని డబ్బా, మార్చని స్క్రూ. జపాన్‌లోనో అమెరికాలోనో కొన్న కన్సోల్‌కి అది సరే. మా ఇంటి డబ్బాకి ఒరిజినల్ అంటే ఏంటి? పుట్టుకే నకలు. పేరు లేదు, నంబరు లేదు, ఏ సంవత్సరం ఎక్కడ తయారైందో దాని మీద ఎక్కడా లేదు. అలాంటివి లక్షలు తిరిగి ఉంటాయి. అందులో మాదని చెప్పడానికి ఉన్నవి రెండే: ఆ మూత, లోపలి ఆ పెన్ను రాత. ఏం రాశావని చిన్నబాపుని అడిగితే, "తారీకు రాస్తుంటిమి గదరా, మల్ల రిపేరుకొస్తె యాదికుండనీకి," అన్నాడు. అంటే ఆ డబ్బాలో నికార్సైన ఒరిజినల్ ఏదన్నా ఉంటే ఆ రెండే, సరిగ్గా ఆ రెంటినే శుభ్రం చేశాను.

మా కోట నుంచి హనుమకొండ ఎంతో దూరం కాదు. అక్కడ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. రాళ్ళకి నంబర్లు వేసి, పక్కన పేర్చి, పునాది సరిచేసి, పాడైన చోట కొత్త రాయి చెక్కి, 2024లో మళ్ళీ తెరిచారు. ఇన్నేళ్ళా అని విసుక్కున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు విసుక్కోను. ఎనిమిది స్క్రూల డబ్బా విప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది, ఒక్క ఫోటో తియ్యాలని తోచలేదు. అలాగని దేన్నీ ముట్టుకోకూడదు అనట్లేదు. ముట్టుకోకుండా సజ్జ మీదే ఉంచితే అది ఇంకో పదేళ్ళకి మట్టే. మార్చొచ్చు. కానీ మన తర్వాత ఇంకొకడు దాన్ని విప్పుతాడని గుర్తుపెట్టుకుని మార్చాలి.

అందుకని ఇప్పుడు నా పద్ధతి ఇది. విప్పేముందు ఫోటోలు, తర్వాత అడుగడుక్కీ ఫోటోలు. పీకిన ప్రతి ముక్కా చిన్న కవర్లో వేసి, ఆ డబ్బా లోపలే చోటుంటే అక్కడే అంటించడం. ప్లాస్టిక్‌కి కన్నం పెట్టే పని మానెయ్యడం. (వెనక నేను పొడిచిన రెండు కన్నాలు ఇంక పూడవు, వాటిని చూసినప్పుడల్లా సిగ్గుగానే ఉంటుంది.) పాత రిపేరు కనబడితే, అదెందుకు చేశారో అర్థమయ్యేదాకా దాని జోలికి పోకపోవడం.

సెలవు అయిపోయేలోపు మళ్ళీ 7805 పెట్టాను. హైదరాబాదు గుజరాతీ గల్లీలో కొన్న హీట్‌సింక్ ఒకటి సంచిలో ఉంటే బిగించాను. డబ్బా మూసుకోలేదు, అది ఎత్తు ఎక్కువ. చిన్నబాపు ఏమీ అనకుండా కూర్చుని చూస్తున్నాడు. వరంగల్ చౌరస్తాకి వెళ్ళి రెండు సత్తు మూతలు కొనుక్కొచ్చాను. ఆయన పెన్సిల్‌తో గీత గీశాడు, నేను కోశాను. చదునుగా, పైమూతకి తగలకుండా సరిగ్గా సరిపోయింది. నట్టు బిగించేటప్పుడు ఆయన చెయ్యి వణికింది, స్క్రూడ్రైవర్ నాకిచ్చేశాడు. నలభై మూడు డిగ్రీల మధ్యాహ్నం, ఫ్యాను లేకుండా రెండు గంటలు ఆడించాం. ఆగలేదు, గీతల్లేవు.

మూసేముందు లోపలివైపు పెన్సిల్‌తో రెండు తారీకులు రాశాను. ఒకటి ఆ రోజుది. రెండోది మే 1998, తేదీ ఆయనకీ గుర్తులేదు.

రెండో మూత అమ్మకిచ్చాను. తీసుకుంది, గిన్నె మీద పెట్టి చూసింది. "గిది సాలది, నాది పెద్దగుండె," అంది.