స్వరము సన్నగిల్లిన దినములలో



"అయ్యగారూ, గొంతు ఎప్పుడు బాగవుతుంది?" అని చాలామంది అడుగుతున్నారు. అందరికీ నోటితో చెప్పలేము గనుక ఇక్కడ రాస్తున్నాము. వానాకాలంలో వచ్చిన జలుబు, జ్వరము వారంలో తగ్గాయి. గొంతు మాత్రం తిరిగి రాలేదు. నాలుగు మాటలకే ఊపిరి అయిపోతుంది. పాటలో పై స్థాయి అందదు. మంచినీళ్లు తాగితే పొలమారుతుంది.

గొంతు డాక్టరుగారు సన్నని కెమెరా గొట్టంతో లోపల చూశారు. స్వరపేటికలో రెండు స్వరతంత్రులుంటాయి. మాట్లాడేటప్పుడు అవి దగ్గరకు వచ్చి కంపిస్తాయి. మాకు ఎడమవైపుది సరిగా కదలడం లేదు. తంత్రి బాగానే ఉంది, దాన్ని కదిలించే నరమే బలహీనపడింది. మెడకు, ఛాతీకి స్కాన్ తీయించి, వేరే కారణమేదీ కనబడలేదని చూశాకే, వైరస్ జ్వరం తరువాత కొందరికి ఇలా జరుగుతుందని చెప్పారు.

ఆ నరము నడిచే దారి వింటే దేవుని చేతిపనికి ఆశ్చర్యం కలుగుతుంది. మెదడు నుండి దిగే వేగస్ నరము గొంతును దాటి ఛాతీలోకి పోతుంది. అక్కడ దాని కొమ్మ ఒకటి గుండె నుండి వచ్చే పెద్ద ధమని కింద చుట్టి, మళ్లీ పైకెక్కి స్వరపేటికను చేరుతుంది. కొండ దిగి, మలుపు తిరిగి, మళ్లీ కొండెక్కే మన సీతంపేట రోడ్లలాగే! నరము నెమ్మదిగా కోలుకుంటుంది. చాలామందికి కొన్ని నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. కొందరికి పూర్తిగా రాకపోవచ్చు. అప్పుడు స్వర వ్యాయామాలు, తంత్రిని మధ్యకు జరిపే ఇంజెక్షను లేదా ఆపరేషను ఉన్నాయి.

ఒక సహోదరుడు ప్రేమతోనే అడిగారు: "జెకర్యాకు జరిగినట్టు దేవుడే నోరు మూశాడా?" లూకా మొదటి అధ్యాయంలో జెకర్యాకు కారణమేమిటో దూతే చెప్పాడు. మాకు ఏ దూతా చెప్పలేదు. పుట్టుగుడ్డివాని విషయంలో ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ప్రభువు ఆ లెక్కనే తోసివేశాడు. రోగి మంచం పక్కన మనమూ ఆ లెక్క వేయకూడదు.

మేము ఎక్కువగా ధ్యానించినది మోషేను. తన నోరు మాంద్యమని అతడు చెప్పుకుంటే దేవుడు పిలుపును రద్దు చేయలేదు, అహరోనును తోడిచ్చాడు. ఇన్నాళ్లూ మా తెలుగు వాక్యాన్ని సవరలోకి మార్చి చెప్పిన సంఘపెద్ద ఇప్పుడు తానే సవరలో బోధిస్తున్నారు. వెనుక వరుసలో కునుకు తీసే అవ్వలు ఇప్పుడు తల ఊపుతూ వింటున్నారు. మేము కింద కూర్చుని వింటున్నాము.

సవర మాట కోసం కష్టపడిన గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొస్తున్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైను మందు వల్ల వినికిడి పోయింది. అయినా 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర నిఘంటువు వెలువరించారు. చెవి పోయినా చేతిలో పని ఆగలేదు.

ప్రియులారా, గొంతు బొంగురు మూడు వారాలు దాటితే గొంతు డాక్టరుకు చూపించుకోండి. అది క్షయ, థైరాయిడ్, కాన్సరు వల్ల కూడా కావచ్చు. ఊపిరి ఆడకపోతే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే మేలని అనుకోవద్దు, దానివల్లా గొంతు అలసిపోవచ్చు. ప్రార్థన మానవద్దు, పరీక్షా మానవద్దు. పౌలు పక్కన నడిచిన లూకా వైద్యుడే గదా.

తండ్రీ, మా స్వరము తిరిగి ఇస్తే నీకే స్తోత్రము. ఇవ్వకపోయినా ఈ కొండల్లో నీ వాక్యము నిలువనియ్యకుము, పలికే నోళ్లను లేపుము. ఆమేన్.