ఇంజను పాలిస్తే...!

పశువు పాలిస్తే పండగ. ఇంజను పాలిస్తే మాత్రం దండగ! గేజి కడ్డీ బయటికి తీసి చూస్తే నల్లగా, జిగటగా ఉండాల్సిన ఆయిలు కాస్తా పాలు ఎక్కువైన టీలా కనిపిస్తుంది. మరీ ముదిరితే మజ్జిగే. ఇంజనాయిల్లోకి నీళ్లు దిగాయన్నమాట. సముద్రం మీద పాత పడవలు నడిపేవాళ్లకు ఈ జబ్బు కొత్త కాదు. మరి పడవలే తిరగని అనంతపురం సీమలో దీని గురించి మాటలెందుకు అంటారా? అక్కడే ఉంది తమాషా. కాకినాడ రేవులో పాత పడవను తోసే ఇంజనూ, హిందూపురం పక్క పల్లెలో బావిగట్టు మీద కూర్చున్న ఇంజనూ ఒకే తాను ముక్కలు. రెండూ నీటితో చల్లబడే డీజిల్ ఇంజన్లే. రోగం ఒకటే. మందూ ఒకటే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... మూడూ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లా ఊళ్లు. ఉమ్మడి అనంతపురంలో ఏడాది మొత్తం కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నీటి చుక్క కోసం మొహం వాచిన ఈ సీమలో, ఆ చుక్కే పోకూడని చోటికి పోతే ఏమవుతుంది? ఈ దారి వెంట వెళ్తే తెలుస్తుంది.

తగ్గాల్సింది పెరిగితే...

హిందూపురం అనగానే బెల్లం, చింతపండు మార్కెట్టు గుర్తొస్తాయి. చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు ఎద్దులు కపిల తోలితేనే బావి నీళ్లు పైకొచ్చేవి. ఆ ఎద్దులకు విశ్రాంతి ఇచ్చింది ఆయిలింజనే. పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ పేరు రైతులందరికీ తెలిసిందే. బ్రిటన్‌లోని లిస్టర్, పెటర్ కంపెనీల నమూనాలను చూసి గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లోనూ వేలకొద్దీ ఇంజన్లు తయారయ్యాయి. ‘పీటర్ ఇంజను’ అని జనం పిలుచుకునేది ఆ పెటర్ బాపతునే. ఆ తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి, బోర్లు పడ్డాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తూ వచ్చింది. చాలా ఇంజన్లు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. మిగిలినవి కరెంటు తీగ చేరని చోట, వంకల్లోంచి, కుంటల్లోంచి నీళ్లు తోడుతూ కాలక్షేపం చేస్తున్నాయి.

‘‘ఏమన్నా, ఆయిలు తగ్గాల గానీ పెరుగుతాండాదే?’’ అని రైతు అడిగాడంటే మెకానిక్కు అప్పుడే సగం సంగతి పోల్చుకుంటాడు. ‘‘పెరిగింది ఆయిలు గాదప్పా, నీళ్లు. ఇంగ దాన్ని తిప్పొద్దు’’ అంటాడు.

ఎందుకు తిప్పకూడదు? ఇంజను లోపల క్రాంక్ షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఉండేది పలచటి ఆయిలు పొర. ఇనుమును ఇనుము తాకకుండా కాపాడేది అదొక్కటే. నీళ్లు కలిస్తే ఆ పొర నిలవదు. పైగా తిరిగే క్రాంకు కవ్వంలా చిలికి నీటినీ ఆయిలునూ ఒకటి చేసేస్తుంది. ముందు బేరింగు అరుగుతుంది. తర్వాత షాఫ్టు మీద గీతలు పడతాయి. ఆగిన ఇంజన్లో తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

అనుమానం తీరడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. వంటింట్లోకి తిరిగి తీసుకెళ్లని పాత ఇనుప పెనం ఒకటి ఆరుబయట వేడిచేయాలి. మంట తీసేసి, పుల్లతో ఆ ఆయిలు ఒకటి రెండు చుక్కలు దాని మీద వేయాలి. మొహం మాత్రం దూరంగా పెట్టుకోవాలి. పోపులో ఆవాల్లా చిటపటమంటే నీళ్లున్నట్టే. చప్పుడు లేకుండా పొగ మాత్రమే వస్తే నీళ్లు లేవని, లేదా ఈ పరీక్షకు దొరకనంత తక్కువని అర్థం.

ఒక్క మాట... ఆయిలు పోసే మూత అడుగున కాస్త తెల్లటి నురగ కనబడగానే బెంబేలెత్తక్కర్లేదు. చలి పొద్దుల్లో ఇంజన్ను కాసేపే తిప్పి ఆపేస్తుంటే లోపలి తేమ అలా పేరుకుంటుంది. అరగంట బరువు మీద నడిపితే ఆరిపోతుంది. గేజి కడ్డీ మీద రంగు మారకుండా, మట్టం పెరగకుండా ఉంటే భయం లేదు.

దొంగ దారి ఎక్కడ?

హిందూపురం నుంచి ఉత్తరానికి వెళ్తే పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరు. కొండ మీద కోట, కింద గగన్ మహల్. ఆ పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. కొత్త కారులో ఇంజన్ను చల్లబరిచేది మూసిన గొట్టాల్లో తిరిగే కూలెంటు. అందులో తుప్పు పట్టనివ్వని మందు కలిపి ఉంటుంది. బావిగట్టు ఇంజనుకు ఆ భోగం ఎక్కడిది? పంపు గొట్టం నుంచి సన్నటి పైపు లాగి తగిలిస్తారు. బావి నీళ్లే సిలిండరు చుట్టూ తిరిగి మళ్లీ కాలవలో పడతాయి.

చిక్కంతా ఆ నీళ్లతోనే. ఈ సీమ భూగర్భ జలాల్లో చాలాచోట్ల లవణాలు ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి గార కట్టడం ఇల్లాళ్లందరూ చూసేదే. అదే గార ఇంజను కడుపులోనూ పేరుకుంటుంది. వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. పొగలు కక్కే ఇంజను మీద ఎవరైనా ఆత్రంగా చన్నీళ్లు కుమ్మరించారా... పోత ఇనుము పగులుతుంది! సముద్రపు నీటితోనే చల్లబడే పాత పడవల్లో ఉప్పు తినేసి ఇదే ముప్పు తెస్తుంది. వాటిలో ఆయిలు కూలరు, నీటి పంపు సీలు కూడా చూసుకోవాలి.

కాబట్టి బావి ఇంజన్లో అనుమానితులు ముగ్గురు. హెడ్ గ్యాస్కెట్, పగిలిన హెడ్డు లేదా బ్లాకు, లైనరు అడుగున ఉండే రబ్బరు రింగులు. ఎవరు దొంగో పట్టుకోవాలి.

ఇంజను పక్క తలుపు విప్పి, ఛాంబరు తుడిచి, నీళ్ల గదిని నిండా నింపి రాత్రంతా వదిలేయాలి. చేతిపంపుతో కొద్దిగా ఒత్తిడి ఇస్తే ఇంకా మంచిది. పొద్దున్నే టార్చి వేసి చూస్తే, లైనరు అడుగునుంచి చెమ్మ జారుతుంటే తప్పు రబ్బరు రింగులదే. అక్కడ పొడిగా ఉంటే హెడ్డు విప్పాలి. గ్యాస్కెట్ మీద కాలిన చార ఉందా? హెడ్డు మీద ఉక్కు బద్ద నిలబెడితే కింద సందు కనబడుతోందా? సందుంటే లేత్ షాపులో చదును చేయించాలి. పగులు కంటికి ఆనకపోతే కిరోసిన్ రాసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి పూయాలి. పగుల్లో దాక్కున్న కిరోసిన్ కాసేపటికి సుద్ద మీద తడిగీతై బయటపడుతుంది!

మునిగితే తొందర వద్దు

పెనుకొండ దాటి ధర్మవరం చేరితే వీధివీధినా పట్టుచీరల మాటే. కరువుసీమే అయినా వాన గట్టిగా పడితే మగ్గం గుంతల్లోకి నీరు ఊరుతుంది. పని ఆగిపోతుంది. ఊరి పక్కనే చిత్రావతి. 2021 నవంబరులో ఆ ఏరు పొంగి, చెన్నేకొత్తపల్లి మండలంలో చిక్కుకుపోయినవాళ్లను హెలికాప్టరుతో కాపాడాల్సి వచ్చింది. అలాంటి వరదలో మునిగిన ఇంజన్ను నీళ్లు తీయగానే ‘ఒకసారి తిప్పి చూద్దాం’ అనుకోవడమే కొంప ముంచేది. గాలిని నొక్కగలం గానీ నీటిని నొక్కలేం కదా! పిస్టను మీద నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు ఇంజెక్టరు విప్పాలి. హ్యాండిలుతో మెల్లగా తిప్పి నీళ్లు బయటికి కక్కించాలి. ఆయిలూ, డీజిలు ట్యాంకులో నీళ్లూ తీసేయాలి. ఉప్పునీట మునిగిన పడవ ఇంజనైతే మంచినీళ్లతో కడగడం మొదటి పని. ఆలస్యమైనకొద్దీ తుప్పు ముదురుతుంది.

ఇక కడుగుడు. నీళ్ల దారి మూశాకే దీని జోలికెళ్లాలి. అడుగు బిరడా విప్పితే బరువైన నీళ్లే ముందొస్తాయి. ఛాంబరులో మిగిలిన జిడ్డును దారాలు రాలని గుడ్డతో తుడవాలి. సరైన గ్రేడు ఆయిలు పోసి పది పదిహేను నిమిషాలు బరువు లేకుండా తిప్పి, వేడిగా ఉండగానే వంచేయాలి. ఫిల్టరుంటే మార్చాలి. రంగు తేటపడేదాకా రెండు మూడుసార్లు ఇదే తంతు. తీసిన పాత ఆయిలును చేలోనో, బావి పక్కనో పారబోయకుండా పాత ఆయిలు కొనేవాళ్లకు ఇవ్వండి. కొత్త గ్యాస్కెట్ వేసినప్పుడు బోల్టులను ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాలి. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక, పుస్తకంలో చెప్పి ఉంటే మళ్లీ సరిచూడాలి.

ఒక్క తడి కోసం...

వేరుశనగ ఊడలు దిగే వేళ, ఆకు వాడిపోతుంటే రైతు మనసు ఊరుకోదు. ‘‘ఈ ఒక్క తడి కట్టేసి తర్వాత సూద్దాంలే’’ అంటాడు. కొందరైతే కొత్త ఆయిలు పోసి రోగం కుదిరిందనుకుంటారు. రెండు రోజులకే అదీ మజ్జిగవుతుంది! గ్యాస్కెట్, రబ్బరు రింగులు చిన్న ఖర్చు. క్రాంకు షాఫ్టు, బేరింగులు పోతే అది ఇంజను ఖర్చు. ఆ ఒక్క తడికి పక్క చేను ఇంజన్ను బాడుగకు తెచ్చుకోవడమే లాభం. హెడ్డు పగిలితే మార్చుకోవచ్చు. బ్లాకే పగిలితే మాత్రం అతుకులకు డబ్బు తగలేయకుండా పాత ఇనుముకు వేయడమే మేలు.

బావిగట్టు మీదైనా, పడవలోనైనా సూత్రం ఒక్కటే. తెల్లబడ్డ ఆయిలు రోగం కాదు, గుర్తు. నీళ్లు ఏ దారిన వచ్చాయో తేలేదాకా హ్యాండిలు ముట్టుకోకండి!