చల్లదనం ఎక్కడికి పోయినది?

రోగానికి మందు వేయడం వేరు, రోగమేమిటో తెలుసుకోవడం వేరు. ఈ భేదాన్ని మేము పుస్తకాలలో ఎన్నోసార్లు చదివి ఉంటాము. కాని దానిని మాకు నిజంగా బోధించినది ఒక పాత మోటారుకారు. ఆ పాఠాన్ని తోటి విద్యార్థులతో పంచుకోవాలన్న కోరికతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేమంటే అన్నదమ్ములిద్దరము. మా దాదాగారు 1990వ దశకం ఆరంభంలో ముచ్చటపడి కొన్న కాంటెస్సా కారు నేటికీ మా ఇంటి ముంగిట ఉన్నది. హిందుస్థాన్ మోటార్స్ వారు 1984 నుండి 2002 వరకు తయారు చేసిన ఈ కారు ఒకనాడు హోదాకు చిహ్నం. దాదాగారు గతించినా, ఆ కారు ఎక్కినప్పుడల్లా ఆయన ప్రక్కన కూర్చున్నట్లే ఉంటుందని దాదీమా అంటారు. 2024 ఆరంభం నుండి ఆమెకు వారానికి మూడు పర్యాయాలు డయాలిసిస్ అవసరమైనది. హైదరాబాదు రద్దీలో ఆసుపత్రికి గంట ప్రయాణం. మార్చి మాసం వచ్చేసరికి కారులోని ఏసీ వేడిగాలి వదలనారంభించినది.

దగ్గరలోని ఒక దుకాణానికి తీసుకుపోయాము. అక్కడివారు బానెట్ ఎత్తి చూచి, "గ్యాసు అయిపోయింది" అన్నారు. పదిహేను నిమిషాలలో గ్యాసు పట్టించి పంపారు. చల్లగాలి వచ్చినది. "ఇక భయం లేదు దాదీమా" అని గొప్పగా చెప్పాము. పన్నెండు రోజులకే మరల వేడిగాలి. మరల అదే దుకాణం, అదే మాట, అంతే సొమ్ము. ఈ పర్యాయం చల్లదనం తొమ్మిది రోజులు నిలిచినది.

మే నెలలో ఒక మధ్యాహ్నం డయాలిసిస్ ముగించుకొని వస్తుండగా దారిలో వాహనాలు నిలిచిపోయాయి. ఆ చికిత్స తరువాత రక్తపు పోటు తగ్గడం కద్దు. పైగా ఆ ఉక్క. దాదీమా తల ప్రక్కకు వాలిపోయినది. పిలిచినా పలుకలేదు. రోడ్డు ప్రక్కనున్న మందుల దుకాణంలోకి మోసుకొనిపోయి, ఫ్యాను క్రింద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పట్టుకొన్నాము. కొంతసేపటికి కనులు తెరచి ఆమె అన్న మొదటి మాట: "కారును ఏమీ అనకండి బేటా, అది ముసలిదైపోయింది." మేము తలలెత్తలేకపోయాము. ముసలితనం కారుది, అశ్రద్ధ మాది.

మరునాడు తెలిసినవారు చెప్పగా పాతబస్తీలోని ఒక చిన్న వర్క్‌షాపుకు పోయాము. అక్కడి ఉస్తాద్ మా కథంతా విని ఒక్క ప్రశ్న వేశారు. "గ్యాసు అయిపోయిందన్నారు, సరే. ఎక్కడికి పోయింది?"

మా వద్ద సమాధానం లేదు. "పెట్రోలు మండి ఖర్చవుతుంది బేటా. ఇది ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో దారి ఉన్నట్లే" అన్నారాయన. కుండలోని నీరు కొంత ఆవిరవుతూ తక్కిన నీటిని చల్లబరుస్తుంది గదా, ఇదీ అటువంటిదేనట. కంప్రెసరు నొక్కి పంపిన గ్యాసు కారు ముందుభాగంలోని కండెన్సరులో తన వేడిని బయటికి విడిచి ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నని ద్వారం గుండా లోపలి గొట్టాలలో ప్రవేశించి, ఆవిరవుతూ కారులోని వేడిని గ్రహిస్తుంది. మరల కంప్రెసరును చేరుతుంది.

మేము తొందరపడ్డాము. ఎల్లుండి మరల ఆసుపత్రికి పోవాలి. "ఈ పూటకు గ్యాసు పట్టించండి, మరమ్మతు తరువాత చూద్దాము" అని బ్రతిమాలాము. ఆయన అంగీకరించలేదు. "అమ్మగారిని ఎల్లుండి ఏసీ టాక్సీలో తీసుకుపోండి. ఇది మూడు రోజుల పని" అన్నారు. వచ్చే సొమ్మును కాదన్న మెకానిక్కును మేము అదే మొదటిసారి చూడడం.

ఆయన పనితీరు ఒక వైద్యుని పరీక్షవలె సాగినది. ఇంజను ఆపి గేజీలు తగిలించగా రెండు ముళ్ళూ బాగా దిగువన ఉన్నాయి. ఒత్తిడి పడిపోయినందున రక్షణ స్విచ్చు కంప్రెసరును ఆపివేస్తున్నది. ఆ స్విచ్చును వైరుతో కలిపి కంప్రెసరును బలవంతంగా తిప్పేవారున్నారట. గ్యాసుతోపాటే నూనె తిరుగుతుంది కనుక, గ్యాసు లేకుండా తిప్పితే కంప్రెసరు పట్టేస్తుందన్నారు. మిగిలిన కొద్ది గ్యాసును కూడా గాలిలోకి వదలక, యంత్రంతో వేరొక సిలిండరులోకి లాగారు. పిదప నైట్రోజను నింపి, అతుకులన్నిటిపై సబ్బునీరు పూశారు. కండెన్సరు అతుకు వద్ద సన్నని బుడగలు. కంప్రెసరు ఇరుసు సీలు వద్ద మరికొన్ని. అక్కడ ధూళి నూనెతో నల్లగా అట్టకట్టి ఉన్నది. రెండు నెలలుగా మా కళ్ళెదుటనే ఉన్న సాక్ష్యం అది.

వేరొక దోషం కూడా బయటపడినది. ఈ కారు ఏసీ ఆర్-12 అనే పాత గ్యాసుకై అమర్చినది. అందులోని క్లోరిను ఓజోను పొరను హరిస్తుందని 1974లో రోలండ్, మొలీనా అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగినది. 1992లో మన దేశమూ అందులో చేరినది. నేడు పాత కార్లలో సైతం ఆర్-134ఎ వాడుతున్నారు. కాని పాత నూనె ఈ కొత్త గ్యాసుతో కలిసి ప్రవహించదు. మునుపటి దుకాణంవారు నూనె మార్చనే లేదు. పైగా ఈ కొత్త గ్యాసు ఓజోనుకు హాని చేయకున్నా, భూమిని వేడెక్కించడంలో అంతే బరువు గల బొగ్గుపులుసు వాయువును వెయ్యి రెట్లకు పైగా మించినది. మా కారు నుండి రెండుసార్లు జారిపోయిన గ్యాసు ఆకాశంలోనే ఉన్నది. దాదీమా చల్లదనానికని కొన్నది ఊరందరి వేడికి తోడైనది.

రాణీగంజ్‌లో తిరిగి కొత్త డ్రైయరు, సీలు, రబ్బరు రింగులు తెచ్చాము. ఉస్తాద్ గొట్టాలు శుభ్రపరచి, ఎస్టరు నూనె పోసి, అతుకులు బిగించారు. వాక్యూం పంపును 45 నిమిషాలు నడిపి తేమను లాగివేశారు. పంపు ఆపి అరగంట వేచి చూశారు, ముల్లు కదలలేదు. అప్పుడు గాని గ్యాసు సిలిండరును తూకంపై పెట్టలేదు. పాత గ్యాసు పట్టే తూకంలో 85 శాతం మాత్రమే నింపారు. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లబడదని, ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుందని చెప్పారు.

తరువాతి ప్రయాణంలో బయట 41 డిగ్రీల ఎండ. సగం దారిలో దాదీమా శాలువా సవరించుకొని, "కొంచెం తగ్గించండి బేటా, చలి వేస్తున్నది" అన్నారు. మేము ఒకరి ముఖమొకరు చూచుకొన్నాము. ఆ వేసవి గడిచినది, మరొక వేసవీ గడిచినది. మరల గ్యాసు పట్టించవలసిన అవసరం రాలేదు.

మిత్రులారా, మార్కులు తగ్గినప్పుడు గైడు కొనడం, స్నేహం చల్లారినప్పుడు కానుక ఇవ్వడం మనకు అలవాటు. అవి తప్పని మేము అనము. కాని అంతకు ముందు ఉస్తాద్ వేసిన ప్రశ్నను మనకు మనం వేసుకొనడం మంచిది. ఉన్నది ఎక్కడికి పోయినది?