ఈసారి నాటకానికి వెళ్దామా?

సెలవులొస్తే దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు తెలిసినవి రెండే: సినిమా, హోటలు. మీ ఇంట్లోనూ అంతేనా? అయితే సురభి వాళ్ల నాటకం ఉందని తెలిసిన రోజున ఇంటిల్లిపాదీ బయల్దేరండి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన నాటక కుటుంబం అది. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్లనే రంగస్థలం ఎక్కించారు. ఇప్పటికీ తాతలు, కోడళ్లు, మనవలు కలిసి వేషాలు కడతారు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి మాయలు కళ్లెదుటే జరుగుతుంటే మా మనవడు ఫోను అడగలేదంటే నమ్ముతారా!

దూరమనుకోకండి. ఎల్‌బీ నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే రవీంద్రభారతికి నడిచే వెళ్లొచ్చు. మధ్యాహ్నమే పులిహోర కలిపి పెట్టుకుంటే, తిరిగొచ్చాక పొయ్యి వెలిగించే పని కూడా ఉండదు.

నాటకమే ఆ కుటుంబాల బతుకుతెరువు. కుర్చీలు ఖాళీగా కనబడితే వాళ్ల పిల్లలు తాతల విద్య ఎందుకు నేర్చుకుంటారు చెప్పండి? సంసారంలో ఒక్క సాయంత్రం మనది కాకపోతుందా? పక్కింటి వదినగారిని కూడా పిలవండి. నలుగురం కూర్చుంటేనే నాటకానికి నిండుదనం.