ఎగ్జామినరు లేవకముందు
ఇరవయ్యేళ్ళుగా పేపర్లు దిద్దుతున్న చెయ్యి నాది. కాగితం కనబడితే చాలు, తప్పెక్కడా అని వెతుకుతుంది. అందుకే బొమ్మలు వేసుకోవడానికి రోజూ తెల్లవారుజామున ఒక అరగంట ఎంచుకున్నాను. నాలోని ఎగ్జామినరు అప్పటికింకా నిద్ర లేవడు!

జపాను చిత్రకారుడు హొకుసాయి 1842–43లో, ఎనభై దాటాక, కీడు తొలగాలని దాదాపు ప్రతి ఉదయమూ ఒక సింహం గీసేవాడు. మెప్పుకోసం కాదు. అంత దూరమెందుకు? మా ఆవిడ వాకిట్లో వేసిన ముగ్గు పది గంటలకల్లా చెరిగిపోతుంది. నిన్నటిది వంకరపోయిందని ఆవిడ బెంగపడగా నేనెన్నడూ చూడలేదు.

నేనూ గీసిన కాగితాన్ని బోర్లించి పెట్టేస్తాను. నెలాఖరుదాకా మళ్ళీ చూడను. మొన్న తీసి చూస్తే, ఒక బొమ్మలో నీళ్ళచెంబు మూతి ఓ పక్కకి వాలి ఉంది. ఎర్రపెన్సిలు అందుకోబోయి ఆగాను. మా అమ్మ వాడిన చెంబు అచ్చం అలాగే సొట్టపడి ఉండేది.