పడుకోనివ్వని మాత్ర

"ఆడవాళ్ళందరికీ ఉండేదే కదా లో బీపీ!" ఈ మాట ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే నాది ఎప్పుడూ 100/60. బాగానే ఉందనేవారు. పాఠం చెప్తూ చెప్తూ కళ్ళు చీకట్లు కమ్మి రెండుసార్లు పడిపోయాక, పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ మూడో నిమిషంలో ఒకసారి బీపీ చూసే డాక్టరు దొరికారు. పై అంకె 112 నుంచి 84కి పడిపోయింది. 20 తగ్గితే చాలు, జబ్బు కింద లెక్కట. అది కనిపెట్టడానికి కావలసిందల్లా ఒక బల్ల, మూడు నిమిషాల ఓపిక.

మిడోడ్రిన్ రాశారు. 2.5 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లు. రక్తనాళాల్ని బిగించి, నిలబడ్డప్పుడు బీపీ పడిపోకుండా చూస్తుంది. పడిపోవడం ఆగింది. కానీ నెత్తిమీద చీమలు పాకుతున్నట్టు ఒకటే దురద. వెంట్రుకల కుదుళ్ళ దగ్గరి సన్నని కండరాల్ని కూడా ఇదే మందు బిగిస్తుంది. స్టాఫ్ రూములో ఒకావిడ నా తలలో పేలు వెతికింది కూడా.

నవ్వుకోలేనిది మూత్రం సంగతి. మూత్రాశయం మెడ దగ్గరా బిగుస్తుంది. వస్తున్నట్టుంటుంది, వెళ్తే రాదు. మా కాలేజీలో ఆడ లెక్చరర్లకి ఒకటే బాత్రూం, రెండంతస్తుల కింద. తాళంచెవి ఆఫీసులో. పొద్దుటినించి నీళ్ళు తాగకుండా ఉండడం మేమంతా ఎప్పుడో నేర్చుకున్నాం. డాక్టరు చీటీలో మొదటి మాటేమో, నీళ్ళు బాగా తాగమని. ఇందులో మందు చేసిందెంత, కాలేజీ చేసిందెంత అన్నది నాకిప్పటికీ తేలలేదు.

ఉప్పు కూడా పెంచమన్నారు. మా ఆయనకి హై బీపీ. అది తెలిసిన రోజునుంచీ ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలే. ఆయన బీపీ ఇంటి జబ్బు, నాది నా ఒక్కదాని జబ్బు. నా మజ్జిగలో నేనే ఉప్పు కలుపుకుంటాను.

అన్నిటికంటే విచిత్రం, కళ్ళు తిరిగితే పడుకోమంటారు, ఈ మాత్ర వేసుకున్నాక నాలుగు గంటలదాకా వెల్లకిలా పడుకోకూడదు. పడుకుంటే బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. "కాసేపు నడుం వాల్చమ్మా" అని అత్తయ్య ఎన్నడూ లేనిది ఇప్పుడంటున్నారు!

మొదటిసారి ఇవేవీ నాకు చెప్పలేదు. దురద, మూత్రం, పడుకుంటే తలపోటు అని కాగితం మీద రాసుకెళ్ళి, ఒక్కొక్కటీ చదివి అడిగాను. పడుకోబెట్టి బీపీ చూశారు. ఆరింటి మాత్ర నాలుగింటికి మార్చారు. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టమన్నారు. మూత్రం పూర్తిగా ఆగిపోతే వెంటనే రమ్మన్నారు.

ఇటుకలు పెట్టించాను. కాళ్ళవైపు జారిపోతున్నానని మా ఆయన పక్క గదిలోకి మారారు. బాత్రూంకి రెండో తాళంచెవి కావాలని పదకొండుమందిమి సంతకాలు చేసి ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టాం. జవాబు రావాలి.