గాలికి అడ్డు, చెమటకు దారి

మౌంటెన్ బైకుల మీద మనాలి నుంచి లేహ్‌కు వెళ్లే బృందాలకు గైడుగా ఉండటం నా వృత్తి. జూన్ చివర్లో మొదలయ్యే సీజను సెప్టెంబరుతో ముగుస్తుంది. దారిలో ఐదు కనుమలు దాటాలి: రోహ్‌తాంగ్, బారాలాచా, నకీ, లాచుంగ్, తంగ్‌లాంగ్. మొదటిది 3,978 మీటర్లు, చివరిది 5,300 మీటర్ల పైమాటే. బయల్దేరే ముందురోజు సాయంత్రం మనాలిలో అందరి సామానూ మంచాల మీద పరిపించి చూస్తాను. బ్రేకులూ టైర్లూ మా మెకానిక్ చూసుకుంటాడు. నేను మొట్టమొదట చేతిలోకి తీసుకునేది జాకెట్టు.

హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ వచ్చే మనవాళ్లు ఎక్కువగా రెండు రకాలు తెస్తారు. లావుపాటి చలికోటు ఒకటి, చుక్క నీరు ఇంకనివ్వని రెయిన్‌కోటు మరొకటి. పెద్ద చలి ఎరగని ఊళ్లవాళ్లం, మంచుకొండలు అనగానే ఎంత మందంగా ఉంటే అంత మంచిదనుకుంటాం. ఆ భయం సహజమే. కానీ సైకిల్ తొక్కేవాణ్ణి వణికించేది బయటి గాలి ఒక్కటే కాదు. ఒంటి మీద ఆరకుండా మిగిలిపోయిన చెమట కూడా.

కొండ ఎక్కేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. మనం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు కూడా పెడల్‌కు చేరదు, మిగిలిందంతా వేడి. 150 వాట్ల బలంతో తొక్కే మనిషి ఒంట్లో 500 వాట్లకు దగ్గరగా వేడి పుడుతుంది. దాన్ని దించేది చెమట. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి పట్టుకుపోతుంది. ఆవిరి కావాలంటే బయటికి దారి ఉండాలి. దారి లేకపోతే చెమట బట్టలోనే నిలిచిపోతుంది. ఎక్కినంతసేపూ గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగమే కాబట్టి ఆ తడి తెలియదు. కనుమ దాటి దిగడం మొదలుపెట్టాక కాళ్లకు పని ఉండదు, వేడి పుట్టదు, వేగం మాత్రం 40కి చేరుతుంది. థర్మామీటరు 5 డిగ్రీలు చూపిస్తున్నా ఆ వేగంలో ముఖానికి తగిలేది సున్నా కంటే కిందికి పోయిన చలే. లోపల చొక్కా కూడా తడిసి ఉంటే బ్రేకు నొక్కడానికి వేళ్లు వంగవు. మలుపుల దారిలో అది నిజమైన ప్రమాదం.

ఒక సీజన్లో విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన బారాలాచా ఎక్కుతూ, ఖరీదైన వాటర్‌ప్రూఫ్ జాకెట్టు జిప్పు మెడదాకా లాగేసుకున్నారు. పక్కన తొక్కుతూ అడిగాను, "సార్, జిప్పు కాస్త కిందికి దించండి" అని.

"గాలి కొడుతోంది కదయ్యా, దించితే జలుబు చేస్తుంది" అన్నారు.

కనుమ మీద ఆగాక జాకెట్టు విప్పి చూసుకుంటే చేతుల లోపలివైపు నీళ్లు కారుతున్నాయి. "ఇదేంటి బాబూ, చుక్క నీరు లోపలికి రానివ్వదన్నారే!"

"లోపలికి రాలేదండీ. మీ చెమటే బయటికి పోలేదు."

ఆయనకు పొడి బనియను వేయించి, ఛాతీ మీద రెండు పొరలు పాత పేపరు పెట్టి, మా బండిలో ఉన్న పల్చటి విండ్‌చీటరు తొడిగి సర్చూ వైపు దింపాను. పేపరు చిట్కా నాది కాదు. టూర్ డి ఫ్రాన్స్ రైడర్లు ఆల్ప్స్ కనుమల మీద పేపర్లు తీసుకుని జెర్సీ లోపల దోపుకుని దిగడం పాత అలవాటు. ఆ అలవాటులో గమనించాల్సిన విషయం ఒకటుంది. వాళ్లు కప్పుకున్నది ముందువైపు మాత్రమే. గాలి తగిలేది ఛాతీకీ భుజాలకీ చేతుల ముందువైపుకీ. వీపు నుంచి చెమట పోయే దారి మూయాల్సిన అవసరం లేదు. మంచి సైకిల్ విండ్‌చీటర్లు కుట్టేదీ ఈ పద్ధతిలోనే: ముందు దట్టమైన నేత, వీపుకూ చంకలకూ జాలీ లేదా సాగే పల్చటి బట్ట.

మౌంటెన్ బైకింగ్‌కు ఇది మరీ ముఖ్యం. రోడ్డు సైకిలిస్టుకు వేగం వల్ల వచ్చే గాలి ఎప్పుడూ ఉంటుంది. రాళ్ల దారిలో, అడవి బాటలో మన వేగం తక్కువ, ఒంటి శ్రమ ఎక్కువ. పైగా వీపున నీళ్ల బ్యాగు. బ్యాగు కింద ఎంత గొప్ప బట్టైనా ఊపిరాడదు. కాబట్టి ఆవిరి పోవాల్సిన దారి చంకల దగ్గరా పక్కలా మెడ దగ్గరా ఉండాలి. చంకల కింద జిప్పులుంటే మరీ మంచిది.

దుకాణంలో లేబుళ్ల మీద పెద్ద అంకెలుంటాయి. 24 గంటల్లో చదరపు మీటరు బట్ట 10,000 గ్రాముల ఆవిరిని పోనిస్తుందనో, 20,000 గ్రాములనో రాస్తారు. ఈ కొలతకు పరీక్షా పద్ధతులు అనేకం. ఒకే బట్ట ఒక పద్ధతిలో ఒక అంకె, ఇంకో పద్ధతిలో దానికి రెట్టింపు చూపించగలదు. ఏ పరీక్షో రాయకపోతే రెండు కంపెనీల అంకెలను పోల్చి లాభం లేదు. గాలి ఎంత దూరుతుందో చెప్పే సీఎఫ్ఎం అంకె నాకు ఎక్కువ ఉపయోగం. అది ఒకటి లోపు ఉంటే దాదాపు పూర్తి విండ్‌ప్రూఫ్. ఐదుకూ పదికీ మధ్య ఉంటే కొంచెం గాలి దూరుతుంది, చెమట బాగా ఆరుతుంది. ఎక్కువసేపు ఎక్కేవాళ్లకు నేను చెప్పేది ఈ రెండో రకమే. అంకె లేకపోతే బట్టను మూతికి ఆనించి గట్టిగా ఊదండి. అవతల చేతికి ఏమీ తగలకపోతే అది దిగేటప్పుడు మాత్రమే వేసుకోదగ్గ జాకెట్టు. సన్నగా తగిలితే ఎక్కేటప్పుడూ ఒంటి మీద ఉంచుకోవచ్చు.

వాటర్‌ప్రూఫ్ పొరలు చెడ్డవని కాదు. 1969లో బాబ్ గోర్ పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా సాగదీసి సూక్ష్మరంధ్రాల పొరగా మార్చాడు. గోర్‌టెక్స్ పుట్టింది అందులోంచే. కొండ మీద వడగళ్లు పడితే అలాంటి జాకెట్టే కాపాడుతుంది, అందుకే బండిలో ఒకటి ఉండాలంటాను. కానీ ఎండలో కొండ ఎక్కే మనిషి కార్చే చెమటకు ఆ రంధ్రాలు చాలవు. పొర లేని, దట్టంగా నేసిన సన్నటి నైలాన్ చాలాసార్లు ఆవిరిని అంతకంటే బాగా వదులుతుంది. బరువు తక్కువ, మడిస్తే పిడికిట్లో పడుతుంది, ధరా తక్కువే.

కుట్టు విషయానికొస్తే, అద్దం ముందు నిలబడి సైజు చూసుకోవద్దు. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి, చేతులు చాచి చూడండి. మణికట్టు బయటపడకూడదు, నడుము వెనక బట్ట పైకి లేవకూడదు. వదులుగా ఉంటే దిగేటప్పుడు గాలికి పటపటా కొట్టుకుంటూ లోపలి వెచ్చదనాన్ని తోసేస్తుంది. హుడ్ ఉంటే హెల్మెట్ కింద ఇమిడేది కావాలి, అసలు హుడ్ లేకపోయినా ఫరవాలేదు. జిప్పు గ్లౌజులతో లాగగలిగేలా ఉండాలి, ఎందుకంటే రోజంతా మనం చేసే పని అదే. ఎక్కేటప్పుడు బొడ్డుదాకా దించడం, కనుమ మీద ఆగిన వెంటనే, ఫొటోలకంటే ముందే, మెడదాకా లాగడం. ఇదే దారిలో వచ్చే మోరే మైదానంలో మధ్యాహ్నం దాటాక ఎదురుగాలి లేస్తుంది, అక్కడ సగం జిప్పు సరిపోతుంది.

లోపల కాటన్ టీషర్టు ఉంటే ఇంత ఆలోచించి కొన్న జాకెట్టూ వృథాయే. కాటన్ చెమటను పీల్చుకుని వదలదు. పాలిస్టర్ జెర్సీ గానీ, మెరీనో ఉన్ని గానీ వేసుకోండి. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి మెత్తదనపు ద్రావణాలు వేయకండి, నీటిబొట్టు జారిపోయేలా బట్టకు పూసిన పూత పాడవుతుంది.

నా మటుకు నాకు, డబ్బు కొద్దిగానే ఉంటే ముందు కొనాల్సింది పల్చటి విండ్‌చీటరూ, రెండు మంచి బనియన్లూ. ఖరీదైన వాటర్‌ప్రూఫ్ తర్వాత. కొన్నాక డిసెంబరులోనో జనవరిలోనో ఒక తెల్లవారుజామున వికారాబాద్ అనంతగిరి గుట్టలకు వేసుకెళ్లి ఎక్కి, దిగి చూడండి. దిగాక చేతుల లోపలివైపు తడిమి చూస్తే ఆ జాకెట్టు పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది. ఒక్కసారి కూడా ఒంటి మీద చెమట పట్టించని కొత్త జాకెట్టును మాత్రం దయచేసి మనాలికి తీసుకురాకండి.